పల్లికాయల గోదాంలో సునంద

షరీఫ్ మామ మమ్మల్ని పాటలు పాడమనేవాడు. పాటంటే ప్రేమ ఉండి కాదు. పాడే నోరు పల్లీలు తినలేదు కాబట్టి.

కోస్గి మార్కెట్ వెనక ఉండేది ఆ రేకుల గోదాం. వానలకు ముందు, విత్తనానికని దాచిన పల్లికాయంతా అక్కడికే వచ్చేది. విత్తనం పల్లికాయను మిషన్‌లో వేయకూడదు. గింజ బద్దలవుతుంది, పైన ఉన్న ఎర్ర పొర లేచిపోతుంది. అలాంటి గింజను భూమిలో వేస్తే మొలవదు. అందుకే ఒక్కో కాయను వేళ్ల మధ్య నొక్కి చిట్లించి, గింజకు గోరు తగలకుండా బయటికి తీయాలి. ఆ పని ఆడవాళ్లది. పొద్దున గంపలు చంకన పెట్టుకొని వచ్చి రాశి చుట్టూ కూర్చున్నవాళ్లు, సాయంత్రం గింజలను కాంటా వేసి తూచేటప్పుడే లేచేవాళ్లు.

ఎదురుగా కాయల రాశి. వేళ్ల మధ్య కొత్త గింజ. పొద్దున తాగిన జొన్న గటక ఎప్పుడో అరిగిపోయి ఉంటుంది. ఎవరికి నోరూరదు? గంపలో పడాల్సిన గింజ అప్పుడప్పుడు దారి తప్పి నోట్లో పడేది. ఒక్కరైతే తెలియదు. రోజుకు ఇంత గింజ దిగాలని గోదాం సేటు లెక్క; గోదాం నిండా ఆడవాళ్లున్నప్పుడు సాయంత్రం కాంటా చెప్పేస్తుంది. సేటు వచ్చి గుమాస్తాను నిలదీస్తాడు. ఆ గుమాస్తా షరీఫ్ మామ. అందుకే ఆయన తలుపు దగ్గర స్టూలు వేసుకొని, తాళంచెవుల గుత్తి ఆడిస్తూ మా నోళ్లకు కాపలా కాసేవాడు.

"పాడుండ్రి! ఎవలిది ఆగింది? సావిత్రమ్మా, నీదే ఆగింది!"

"దమ్ము తీసుకుంటున్న షరీఫన్నా. దమ్ము గూడ కాంటా ఏస్తవా?"

"దమ్ము తీసుకునేటోల్లకు దౌడలు గట్ల ఆడుతయా?"

గోదాం అంతా నవ్వేది. నవ్వినా ఆయనకు సంతోషమే. నవ్వే నోరు కూడా తినలేదు.

ఒక్క హుస్సేన్ బీ అవ్వకు మాత్రం మినహాయింపు. ఆమె నోట్లో ఒక్క పన్ను కూడా లేదు. పాడమని ఆమెను ఎవరూ అడగరు. "నాది ఖాళీ గోదాం బిడ్డా, తాళమెందుకు?" అని నోరు తెరిచి చూపించేది.

అది ఎనభై ఆరో సంవత్సరం ఎండాకాలం. నేను ఏడో తరగతి పాసయ్యాను. అసలు ఆ గోదాంలో జాగా నాది కాదు, మా అమ్మ లీలమ్మది. గింజకు గీత పడకుండా తీయడంలో అమ్మది మంచి చేయి. కానీ పని మొదలైన కొద్దిరోజులకే ఆమె కుడి బొటనవేలికి గోరుచుట్టు లేచింది. వేలు వంకాయలా వాచింది. సర్కారు దవాఖానలో కోసి, కట్టుకట్టి, వేలు కదపొద్దన్నారు. బొటనవేలు లేకుండా పల్లికాయ ఒలవడమంటే కాళ్లు లేకుండా పరుగెత్తడమే. అమ్మ గంప నేను పట్టుకొని పోయాను.

బాపు అప్పటికే కూలీలను తీసుకుపోయే గుంపు మేస్త్రీ వెంట బొంబాయి పోయి ఉన్నాడు. పోయిన ఎండాకాలం పోయినవాడు ఇంకా రాలేదు.

"మణీ, గా జాగా పోతే మనం ఈడ ఉండి చేసేదేం లేదు," అంది అమ్మ, కట్టుకట్టిన వేలును ఒళ్లో పెట్టుకొని. "మేస్త్రీ మల్ల వస్తడు. ఇద్దరం మీ బాపు దగ్గరికే పోదాం."

"నా బడి?"

అమ్మ చూపు కట్టు మీదికి దించుకుంది. జవాబు నాకు తెలుసు. మా వాడలో మేస్త్రీ వెంట పోయిన ఆడపిల్లలెవరూ మళ్లీ బడి మెట్లెక్కలేదు. బడి తెరిచేలోపు అమ్మ వేలు మానదు. అది మానేదాకా రోజూ గంప నిండితే జాగా ఉంటుంది. జాగా ఉంటే మేం కోస్గిలో ఉంటాం. కోస్గిలో ఉంటే నేను ఎనిమిదిలో కూర్చుంటాను. నా చదువంతా ఒక గంపలో పడింది.

ఆ గంప నిండేలా లేదు. నేను తీసిన గింజల్లో సగం బద్దలే. రెండో రోజు సాయంత్రం షరీఫ్ మామ నా గంపలోంచి పిడికెడు తీసి వెలుతురుకు పట్టాడు.

"ఇది విత్తనమా బేటీ? చట్నీకైతే మస్తు పనికొస్తది."

నేను తల దించుకున్నాను.

"మీ అమ్మ చేయి సూశి జాగా ఇచ్చిన. నీ చేయి సూస్తే గిట్లున్నది. హమాలి పర్వతాలు పెండ్లాం రోజు ఇంటికొచ్చి అడుగుతాంది, నాకు జాగా ఇయ్యి అని. నేనేం చెప్పాలె?"

కోపంగా అనలేదు. ఆయన పైన సేటున్నాడు. నాకు భయమేసింది కూడా అందుకే. కోపమైతే చల్లారుతుంది.

నన్ను గట్టెక్కించింది సావిత్రమ్మ. ఆమె మరిది ఎల్లేశం బస్టాండులో పేపర్లు, వారపత్రికలు అమ్మేవాడు. ప్రతి గురువారం పాలమూరు బస్సులో కొత్త సంచికలు దిగేవి. అమ్ముడుపోని కాపీలు మళ్లీ ఏజెంటుకు వాపసు పోవాలి. అందులో ఒకటి ఎల్లేశం వదినకు ఇచ్చేవాడు, వారంలో తిరిగి ఇవ్వాలని, అట్ట నలగొద్దని, నూనె చేతులు తగలొద్దని హెచ్చరించి. సావిత్రమ్మకు చదువు రాదు. బొమ్మలు చూసి ఇచ్చేసేది.

ఆ గురువారం ఆమె పత్రికను కొంగులో చుట్టుకొని గోదాంకు తెచ్చింది.

"ఓ మణీ, నువ్వు గింజలు పలగ్గొట్టుడు బంజేసి గిది సదువు. ఈ బొమ్మల ఈ పిల్ల ఎందుకేడుస్తాందో నాకు నిద్ర పడ్తలేదు. నీ గంపల మేం తలా ఇంత ఏస్తం."

"ఏస్తరా?" అన్నాను అందరి వైపు చూసి.

హుస్సేన్ బీ అవ్వ అందరికంటే ముందు ఒక పిడికెడు తీసి నా గంపలో వేసింది. గీత పడని నిండు గింజలు. పక్కామె వేసింది. ఆ పక్కామె వేసింది. నేను చేతులు లంగాకు తుడుచుకొని, అట్టకు పాత పేపరు చుట్టి, సీరియల్ ఉన్న పేజీ తెరిచాను.

సునంద అనే అమ్మాయి మద్రాసు నుంచి రైల్లో వస్తుంటుంది. కాళ్ల దగ్గర ఒక ఇనప్పెట్టె. అందులో ఏముందో రచయిత చెప్పడు. ఎదురు సీట్లో బంగారు పన్నున్న మనిషి ఒకడు పేపరు చాటు నుంచి ఆ పెట్టెనే చూస్తుంటాడు. మా గోదాంలో రైలెక్కినది ఒక్క హుస్సేన్ బీ అవ్వ. దర్గా ఉర్సుకని గుల్బర్గా పోయినప్పుడు ఎక్కిందట. అందుకని నేను చదువుతుంటే ఆమె రైలు ఊగినట్టు ఊగి చూపించేది.

తలుపు దగ్గర షరీఫ్ మామ లేచి నిలబడ్డాడు.

"ఇదేంది? పాట ఏది?"

"కథ ఇంటున్నం అన్నా."

"ఇనే నోరు ఖాళీగ ఉంటది. ఖాళీ నోరు ఏంజేస్తదో నాకు తెల్వదా? బంజెయ్యి."

"సాయంత్రం కాంటా సూడు," అంది హుస్సేన్ బీ అవ్వ. "కమ్మి పడితే రేపటి నుంచి పాడుతం. నేను గూడ పాడుత. నా పాట ఇంటవా షరీఫ్?"

ఆమె పాట వినాల్సి వస్తుందేమోనన్న భయానికో, నిజంగానే చూద్దామనుకునో ఆయన కూర్చున్నాడు. సాయంత్రం కాంటా వేశారు. షరీఫ్ మామ రాళ్లు మార్చి మళ్లీ వేశాడు. సరిగ్గా ఉంది. పాటలు పాడిన రోజుల కంటే ఒకింత మొగ్గే ఉంది. ఆయన ఆ కాంటాను, మా నోళ్లను, నా చేతిలో పత్రికను మార్చి మార్చి చూశాడు.

అలా నేను గోదాంలో చదివే మనిషినయ్యాను. ఒక్క సంచికను వారమంతా సాగదీసేదాన్ని. సీరియల్‌ను ముక్కలు చేసి రోజుకింత వడ్డించేదాన్ని. మధ్యలో వంటలు, రాశిఫలాలు, డాక్టరు సలహాలు కలిపేదాన్ని. అప్పుడే ఒక సంగతి కనిపెట్టాను. రాశిఫలాలు చదువుతుంటే గోదాంలో ఏదో మూల 'కటుక్' మనేది. పల్లీ కొరికిన చప్పుడు. డాక్టరు సలహాలకు నాలుగు మూలలా కటుక్ కటుక్. బంగారు పన్నువాడు సీటు మీద నుంచి లేచాడనగానే నిశ్శబ్దం. కాయలు చిట్లే చప్పుడు తప్ప ఇంకేమీ ఉండదు.

వాళ్లు కావాలని చేసేది కాదు. కథ బిగువుగా ఉంటే చేయి నోటి దారి మరిచిపోయేది. సడలితే గుర్తుకొచ్చేది. పెద్దయ్యాక నేను చాలా సీరియళ్లు రాశాను, ఎందరో సంపాదకులను చూశాను. అంత నిక్కచ్చిగా తీర్పు చెప్పినవాళ్లు మళ్లీ దొరకలేదు.

జూన్ వచ్చింది. గురువారం నాడు బడి తెరుస్తారని తెలిసింది. అమ్మ వేలి మీద ఇంకా కట్టుంది. బుధవారం నేను షరీఫ్ మామ ముందు నిలబడి, రాత్రంతా వల్లె వేసుకున్న మాట అప్పజెప్పాను.

"మామా, రేపటి నుంచి నేను బడికి పోత. బడి ఇడిశినంక సక్కగ ఈడికే వస్త. కాంటా ఏసేదాక సదువుత. పగలంత వీల్లు నా గంప నింపుతరంట."

"బడికి పోయే పిల్లకు గోదాంల జాగా ఏంది?" అన్నాడు ఆయన. కానీ వెనక ఆడవాళ్లందరూ చేతులు ఆపి ఆయననే చూస్తున్నారు. తాళంచెవులు రెండుసార్లు ఆడించాడు. "సరే. రేపొక్కరోజు సూస్త. కాంటా సక్కగొస్తే జాగా మీ అమ్మదే. కమ్మి పడ్డదా, ఎల్లుండి పర్వతాలు పెండ్లాం వచ్చి కూసుంటది. మల్ల నన్ను అనొద్దు."

ఆ వారం సీరియల్ ఆగిన చోటు మామూలుది కాదు. రైలు సొరంగంలోకి పోయింది. దీపాలు ఆరిపోయాయి. మళ్లీ వెలిగేసరికి సునంద లేదు, పెట్టె లేదు. బంగారు పన్నువాడి చేతిలో ఆమె చీర చెంగు ముక్క ఒక్కటి మిగిలింది. గోదాంలో అందరూ గురువారం కోసం కాచుకొని ఉన్నారు.

గురువారం వాన పడింది. తెల్లారకముందే మొదలై మధ్యాహ్నానికి దారుల మీద నీళ్లు పారాయి. నేను ఎనిమిదో తరగతి గదిలో మొదటిసారి కూర్చున్నాను. సారు హాజరు పిలుస్తుంటే నా చెవి బస్టాండు వైపే ఉంది. హారన్ వినబడలేదు. బడి విడవగానే తడుస్తూ పరుగెత్తాను. ఎల్లేశం తన డబ్బాకొట్టు మీద ప్లాస్టిక్ పట్టా కప్పి, కింద ముడుచుకొని కూర్చున్నాడు.

"బస్సు రాలే బిడ్డా. వాగు పొంగి అవతలనే నిలబడ్డదంట. ఇయ్యాల రాదు."

గోదాంలోకి అడుగు పెట్టేసరికి కటుక్ కటుక్‌మని వినబడుతోంది. వానరోజు, చల్లగాలి, పాట లేదు, కథ లేదు. షరీఫ్ మామ "పాడుండ్రి" అని అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాడు. నన్ను చూడగానే అందరి మొహాలూ వెలిగాయి. నా ఖాళీ చేతులు చూడగానే ఆరిపోయాయి.

"పుస్తకం ఏది?" అంది సావిత్రమ్మ.

"బస్సు రాలే."

షరీఫ్ మామ నిట్టూర్చాడు. "ఇంకేంది మరి. పోయి గంప కాడ కూసో బేటీ. చేతనైనంత ఒలువు. కాంటాకు ఇంకెంతో సేపు లేదు."

నా గంప సగం కూడా నిండలేదు. కథ వస్తుందన్న ఆశ మీద నిండే గంప అది. బద్దలు చేసే నా వేళ్లతో అది చీకటి పడేలోపు నిండదు. కూర్చోబోతుంటే హుస్సేన్ బీ అవ్వ నా లంగా పట్టుకుంది.

"ఇన్ని రోజులు సదివినవు. ఆ పిల్ల ఎటు పోయిందో నీకు తెల్వదా?"

"నాకెట్ల తెలుస్తది అవ్వా? పుస్తకంల రావాలె గదా."

"పుస్తకం రాసినోనికి ఎవలు చెప్పిన్రు? వాడు గూడ మనసుల అనుకొనే గదా రాసింది. నువ్వు గూడ అనుకో. చెప్పు."

"చెప్పు మణీ," అన్నారు ఇంకెవరో. ఒక పిడికెడు గింజలు నా గంపలో పడ్డాయి.

మొదలుపెట్టాను. సునంద ఒక పెద్ద హోటల్లో కళ్లు తెరిచిందన్నాను. ఎర్ర తివాచీ, గాజు దీపాలు, తెల్ల బట్టల బంట్రోతులు. నేను హోటల్ అనేది చూడలేదు. బస్టాండు దగ్గర మిర్చి బజ్జీలు వేసేది తప్ప.

కటుక్.

పోలీసు ఇన్‌స్పెక్టర్‌ను దించాను. జీపు, నల్ల కళ్లద్దాలు, చేతిలో పిస్తోలు.

కటుక్ కటుక్.

తలుపు దగ్గరి నుంచి షరీఫ్ మామ అన్నాడు: "ఏం బేటీ, నీ పోలీసాయన వచ్చినా ఈడ దొంగతనం ఆగుతలేదే!"

అందరూ నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. వాన రేకుల మీద దంచుతోంది. ఎదురుగా కాయల రాశి, దాని చుట్టూ తడి కొంగులు, తలుపు దగ్గర స్టూలు. నాకు బాగా తెలిసినవి ఇవే. ఇవి తప్ప నాకు ఏమీ తెలియదు.

"కాదు," అన్నాను. "హోటల్ కాదు. మర్చిపోయిన. రైలు వాగు కాడ ఆగిపోయింది."

"ఏ వాగు?"

"పెద్ద వాగు. వాన. సునంద పెట్టె నెత్తిన పెట్టుకొని చీకట్ల దిగి ఉరికింది. కాళ్లకు చెప్పులు లేవు. దూరంగ ఒక దీపం కనబడ్డది. పోయి సూస్తే రేకుల గోదాం. లోపల ఆడోల్లు పల్లికాయ ఒలుస్తున్నరు."

కటుక్‌మనబోయిన ఎవరిదో దవడ మధ్యలో ఆగిపోయింది.

"పండ్లు లేని ముసలామె ఒకామె లేచి నిలబడ్డది. ఎవరు బిడ్డా అన్నది. 'అవ్వా, వాడొస్తున్నడు, నన్ను దాచిపెట్టు' అన్నది సునంద. ఆ ముసలామె ఇంకో మాట అడగలే. అందరు కలిసి కాయల రాశిని తోడిన్రు. ఆ పిల్లను, పెట్టెను అందుల పండవెట్టి, మొఖం మీద పల్చని గుడ్డ కప్పి, మీద మల్ల కాయలు పోసిన్రు."

హుస్సేన్ బీ అవ్వ ఊగడం మానేసింది. గింజలు గంపల్లో పడుతున్న చప్పుడు మాత్రం వినబడుతోంది. ఎవరో నా గంపలోకి పిడికెడు వేశారు. చూడకుండానే వేశారు. వాళ్ల కళ్లు రాశి మీదున్నాయి, మా గోదాం రాశి మీద.

"తలుపు చప్పుడైంది. తడిసిన కోటు. నవ్వితే నోట్ల బంగారు పన్ను తళుక్కుమన్నది. ఆ తలుపు కాడ స్టూలు మీద ఒకాయన కూసున్నడు. చేతిల తాళంచెవుల గుత్తి."

తాళంచెవుల చప్పుడు ఆగింది. నేను అటు చూడలేదు.

"'ఇటు ఒక ఆడమనిషి వచ్చిందా?' అన్నడు వాడు. స్టూలు మీదాయన ఏం మాట్లాడలే. అప్పుడు రాశి జర కదిలింది. ఊపిరి తీసుకున్నట్టు. పైనుంచి ఒక కాయ జారింది. దొర్లుకుంట దొర్లుకుంట వచ్చి వాని బూటు కాడ ఆగింది. వాడు కాయను సూశిండు. రాశిని సూశిండు. స్టూలు మీదాయన చెవి కాడికి వంగిండు. 'నీ సేటు నాకు దోస్తు. నిజం చెప్పకుంటే రేపు నీ నౌకరి ఉండదు. చెప్పు, రాశిల ఏమున్నది?' అన్నడు. స్టూలు మీదాయన నోరు తెరిశిండు..."

ఆపాను.

వాన చప్పుడు ఒక్కటే.

"తెరిశి?" అన్నాడు షరీఫ్ మామ. ఆయన ఎప్పుడు లేచాడో, ఎప్పుడు లోపలిదాకా నడిచి వచ్చాడో నేను చూడలేదు.

"కాంటా వేళయింది మామా. మిగిలింది రేపు చెప్త."

"రేపేంది? వాడేమన్నడు?"

"ఎవరు మామా?"

"వాడే. గా స్టూలు మీదోడు." ఆయన గొంతు పెరిగింది. "ముందే చెప్తున్న. నేను అసొంటోన్ని కాదు. నౌకరి పోయినా పోనీ, ఆడపిల్లను పట్టిచ్చేటోన్ని కాదు!"

"నువ్వెందుకు ఉలికిపడ్తవన్నా?" అంది సావిత్రమ్మ. "అది కథ గదా."

గోదాం కప్పు ఎగిరిపోయేలా నవ్వారు. ఆ నవ్వులోనే కాంటా వేశారు. నా గంప నిండి అంచు మీద కుప్ప నిలిచింది. మొత్తం తూకం సరిపోయింది. పగలంతా తిన్నది ఆ చివరి వేళలో చేతులు ఎలా పూడ్చాయో ఆ చేతులకే తెలియాలి.

అప్పుడు చూశాను, తలుపులో అమ్మను. గోనె సంచి మడిచి తల మీద కప్పుకొని, కట్టు తడవకుండా వేలిని పైకి పట్టుకొని నిలబడి ఉంది. బస్సు రాలేదని విని, జాగా పోతుందని, షరీఫ్ మామను బతిమాలదామని వచ్చింది. ఎప్పటి నుంచి వింటోందో తెలియదు.

"లీలమ్మా," అన్నాడు షరీఫ్ మామ, "జాగా నీదే, ఫికర్ జెయ్యకు. వేలు మంచిగయ్యేదాక ఇంట్లనే ఉండు. పోరిని బడికి పంపు. కాని సాయంత్రం సక్కగ ఈడికే రావాలె. ఇంటి పని గింటి పని అని ఆపినవనుకో, మంచిగుండదు."

అమ్మ ఎడమచేత్తో నా తడి తలను దగ్గరికి లాక్కుంది. ఇంటికి పోతుంటే దారిలో, ఎవరూ వినడం లేదని చూసుకొని మెల్లగా అడిగింది: "వాడు చెప్పిండా మణీ?"

"రేపు తెలుస్తదమ్మా," అన్నాను. నాకూ అప్పటికి తెలియదు.

మర్నాడు లెక్కల పీరియడ్‌లో దొరికింది జవాబు. సాయంత్రం గోదాంలో చెప్పాను. స్టూలు మీదాయన నోరు తెరిచాడు. బంగారు పన్నువాడి మొహంలోకి చూశాడు. తర్వాత ఆడవాళ్ల వైపు తిరిగి గట్టిగా అరిచాడు: "పాడుండ్రి! ఎవలిది ఆగింది?" అందరూ పాట ఎత్తుకున్నారు. ఆ పాట హోరులో రాశి లోపలి ఊపిరి వాడికి వినబడలేదు.

నేను ఆ మాట అనగానే మా గోదాంలో సావిత్రమ్మ నిజంగానే పాట అందుకుంది. అందరూ కలిశారు. హుస్సేన్ బీ అవ్వ కూడా కలిసింది. షరీఫ్ మామ స్టూలు మీద వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నాడు. ఆ రోజు ఆయన ఎవరి దవడా చూడలేదు.

వాగు తగ్గి బస్సు వచ్చింది. సావిత్రమ్మ పత్రిక తెచ్చింది. విప్పి చదివాను. అసలు కథలో సునంద సొరంగం దగ్గర స్పృహ తప్పి పడిపోయిందట. అందమైన ఇన్‌స్పెక్టర్ ఒకాయన ఆమెను ఎత్తుకొని పట్నం తీసుకుపోయాడట.

కటుక్. కటుక్ కటుక్. కటుక్.

"ఆపు బిడ్డా," అంది హుస్సేన్ బీ అవ్వ. "ఈ పుస్తకమోల్లకు సంగతి సక్కగ తెలిసినట్టు లేదు. మన రాశిల పండుకున్న పిల్లను పట్నంల ఎట్ల సూశిన్రు?"

"ఎవలో తప్పు చెప్పిన్రు వాల్లకు," అన్నాడు షరీఫ్ మామ గంభీరంగా. "మూసెయ్యి. మన సంగతి చెప్పు."

ఆ సంచిక అట్ట నలగకుండా, నూనె మరక అంటకుండా ఎల్లేశం దగ్గరికి తిరిగి పోయింది. అంత శుభ్రంగా ఏ వారమూ పోలేదు. అక్కడి నుంచి రోజూ బడి, ఆ తర్వాత గోదాం. దారిలో అనుకున్నది అక్కడ చెప్పేదాన్ని. కటుక్‌మంటే మలుపు తిప్పేదాన్ని. నిశ్శబ్దంగా ఉంటే సాగదీసేదాన్ని. అమ్మ గంప రోజూ నిండేది. అలా పిడికెడు పిడికెడుగా నిండిన గంప మీదే నేను ఎనిమిదో తరగతిలో నిలిచాను. వాళ్లలో ఎవరికీ ఆ సంగతి ఉపకారంలా తోచలేదు. కథ కావాలి, పిల్ల చెప్తుంది, పిల్ల గంప నింపాలి. అంతే.

విత్తనాలు అయిపోయే రోజు వచ్చింది. రాశి కరిగి నేల కనబడింది. ఆ గోదాంలో ఒక రివాజు ఉంది. ఎండాకాలమంతా ఏరి పక్కన పెట్టిన బద్దలను ఆఖరి రోజున పెద్ద మూకుట్లో ఉప్పునీళ్లు చిలకరించి వేయిస్తారు. ఒక్కొక్కరి ఒడిలో ఇంత పోస్తారు. ఆ ఒక్కరోజు ఎంతైనా తినొచ్చు, పాడక్కర్లేదు.

అమ్మ కూడా వచ్చింది. కట్టు తీసేశారు. బొటనవేలి మీద కొత్త గోరు పల్చగా, వంకరగా మొలుస్తోంది. నా పక్కన కూర్చుంది. షరీఫ్ మామే మూకుడు మోసుకొచ్చి అందరి ఒళ్లలో పోశాడు. వేడి పల్లీల వాసన గోదాం అంతా నిండింది.

"కథ గూడ ఇయ్యాల్నే అయిపోవాలె," అంది సావిత్రమ్మ. "పెట్టెల ఏమున్నదో చెప్పకుంటే నిన్ను ఇంటికి పోనియ్య."

చెప్పడం మొదలుపెట్టాను. బంగారు పన్నువాడు మళ్లీ వచ్చాడు. ఈసారి ఆడవాళ్లంతా గంపలు పట్టుకొని వాడి చుట్టూ నిలబడ్డారు. వాడు వెనక్కి వెనక్కి నడిచి వాగులో పడ్డాడు. స్టూలు మీదాయన పెట్టెను గోదాం నడుమ పెట్టాడు. సునంద ఇచ్చిన తాళంచెవి పెట్టి తిప్పాడు.

"తినుండ్రే, సల్లారిపోతున్నయి," అన్నాడు షరీఫ్ మామ. చెప్పాడే కానీ ఆయన పల్లీలు కూడా చేతిలోనే ఉన్నాయి.

ఎవరూ తినలేదు. అందరి ఒళ్లలోనూ వేడి పల్లీలు. ఒక్క చేయి లేవలేదు.

"మూత తెరిశిండు. పెట్టె..."

"పెట్టె?"

"ఖాళీ."

"ఖాళీయా!"

"ఖాళీ పెట్టెనే. అసలు సొమ్ము సునంద చెల్లె తీసుకొని వేరే రైల్ల ఎప్పుడో ఇల్లు చేరింది. వాడు చెల్లె దిక్కు సూడకుండ తన ఎంట పడాలని ఆ పిల్ల ఖాళీ పెట్టెకు తాళమేసి, ఎత్తుకొని ఇంత దూరం ఉరికింది."

నేను వాళ్ల దవడల వైపు చూశాను. తర్వాత హుస్సేన్ బీ అవ్వ తన బోసినోరు పెద్దగా తెరిచి, ఒళ్లో పల్లీలు చిందేలా నవ్వింది.

"ఖాళీ గోదాంకు తాళమేసింది పోరి!"

అందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు. చేతులు ఒళ్లలోకి పోయాయి. కటుక్. కటుక్ కటుక్. గోదాం ఈ మూల నుంచి ఆ మూలకు, తలుపు దగ్గర షరీఫ్ మామతో సహా, వాన పట్టుకున్నట్టు ఒకటే చప్పుడు. ఎండాకాలమంతా నేను భయపడిన చప్పుడు అది. ఆ రోజు దాన్ని ఆపాలని అనిపించలేదు.

అమ్మ ఒక పల్లీని కొత్త గోరుతో నొక్కి చూసుకుంది. నొప్పి లేనట్టుంది. ఎర్ర పొర ఊది, బద్దను నా నోట్లో పెట్టింది.

"తిను," అంది. "ఇంక నువ్వు గూడ తినొచ్చు."